చప్పట్ల తరువాత పని ఏది?

2025 జూన్‌లో ‘సితారే జమీన్ పర్’ అనే హిందీ చిత్రం విడుదలైంది. మన పాఠకుల్లో కొందరైనా దాన్ని చూసి ఉంటారు. కోర్టు వేసిన శిక్షలో భాగంగా ఒక బాస్కెట్‌బాల్ కోచ్, మేధోపరమైన వైకల్యం ఉన్న ఆటగాళ్ల జట్టుకు శిక్షణ ఇవ్వవలసి వస్తుంది. ఆ జట్టులోని పదిమంది పాత్రలనూ నిజజీవితంలో డౌన్ సిండ్రోమ్, ఆటిజం వంటి పరిస్థితులు ఉన్నవారే పోషించారు. ఆమిర్ ఖాన్ పక్కన నిలబడి వాళ్లు చేసిన నటనను చాలామంది మెచ్చుకున్నారు. దీనికి మూలం 2018లో వచ్చిన ‘కాంపియోనెస్’ అనే స్పానిష్ చిత్రం. అందులో నటించిన హేసూస్ విదాల్‌కు చూపు చాలా తక్కువ. 2019లో ఆయనకు స్పెయిన్ వారి ప్రతిష్ఠాత్మకమైన గోయా పురస్కారం, ఉత్తమ నూతన నటుడి విభాగంలో దక్కింది.

సంతోషించవలసిన విషయమే. అయితే సంతోషం సర్దుకున్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. సినిమా హాలు నుంచి వెళ్లిపోయింది, సన్మానాలు అయిపోయాయి. అలాంటి నటులకు తరువాతి పని ఎవరిస్తారు? వైకల్యం గురించిన కథ మళ్లీ ఎవరైనా రాసేదాకా వాళ్లు ఇంట్లో కూర్చోవలసిందేనా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1947లో అమెరికాలోనే ఎదురైంది. హెరాల్డ్ రస్సెల్ అనే సైనికుడు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, శిక్షణ శిబిరంలో పేలుడు పదార్థం పేలి రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. చేతుల స్థానంలో ఇనుప కొక్కేలు అమర్చారు. దర్శకుడు విలియం వైలర్ ఆయనను ‘ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ చిత్రంలోకి తీసుకున్నాడు. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చిన నావికుడి పాత్ర. ఆ ఒక్క పాత్రకు రస్సెల్‌కు రెండు ఆస్కార్లు వచ్చాయి. ఒకటి ఉత్తమ సహాయ నటుడిగా, మరొకటి తోటి సైనికులకు ధైర్యం నింపినందుకు ప్రత్యేక పురస్కారంగా. ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్న నటుడు మరొకరు లేరు.

ఆ తరువాత ఏమైంది? చేతులు లేనివాడికి సినిమాల్లో వేషాలు ఎక్కువ దొరకవు, వెళ్లి చదువుకో అని వైలరే ఆయనకు సలహా ఇచ్చాడు. రస్సెల్ ఆ మాట విని కాలేజీకి తిరిగి వెళ్లాడు. మళ్లీ ఒక చెప్పుకోదగ్గ సినిమాలో కనిపించేసరికి 1980 వచ్చింది. మధ్యలో 30 ఏళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ కాలంలో ఆయన వికలాంగుల ఉద్యోగాల కోసం ఏర్పడిన అమెరికా అధ్యక్షుని కమిటీకి చాలా ఏళ్లు నాయకత్వం వహించి గొప్ప సేవ చేశాడు. కానీ నటుడిగా ఆయనకు బ్రతుకుదెరువు దొరకలేదు. 1992లో భార్య వైద్యం ఖర్చుల కోసమని తన ఆస్కార్లలో ఒకదాన్ని వేలంలో అమ్మేశాడు. 60,500 డాలర్లు వచ్చాయి.

వైలర్ చెడ్డవాడు కాదు. ఉన్నమాటే చెప్పాడు. బాధ అంతా అక్కడే ఉంది. ఒక మనిషి ప్రతిభను గుర్తించి కూడా, ఆ ప్రతిభతో బ్రతికే దారి లేదని మర్యాదగా చెప్పి పంపించిన పరిశ్రమ అది. మన దగ్గర ఈ రోజుకీ జరుగుతున్నది చాలావరకు ఇదే.

దీనికి భిన్నమైన ఒక ఉదాహరణ మన తెలుగు సినిమాలోనే ఉంది. సుధా చంద్రన్ చిన్ననాటి నుంచి భరతనాట్యం నేర్చుకున్న అమ్మాయి. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తరువాత ఆమె కుడికాలిని మోకాలి కింద తొలగించవలసి వచ్చింది. జైపూర్ కాలు అమర్చుకుని, 1984లో మళ్లీ వేదిక ఎక్కి నాట్యం చేసింది. ఆమె జీవితాన్ని రామోజీరావు నిర్మాతగా, సింగీతం శ్రీనివాసరావు దర్శకుడిగా ‘మయూరి’ పేరుతో సినిమా తీశారు. ఆ పాత్రను పేరున్న మరో కథానాయికకు ఇచ్చి ఉండవచ్చు. అప్పటికి అదే సులువు. వాళ్లు అలా చేయలేదు. సుధా చంద్రన్ చేతనే నటింపజేశారు. ఆమెకు జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది.

అయితే ‘మయూరి’ కంటే ఆ తరువాతి కథే మనకు ఎక్కువ పాఠం చెబుతుంది. సుధా చంద్రన్ అక్కడితో ఆగలేదు. సినిమాల్లోనూ, టెలివిజన్ సీరియళ్లలోనూ దశాబ్దాల పాటు పని చేస్తూనే ఉంది. ‘కహీ కిసీ రోజ్’ సీరియల్లో ఆమె వేసిన రమోలా సికంద్ పాత్ర పెద్ద బొట్టు, పట్టుచీర, వంకర మాటలతో ఇంటింటికీ తెలిసిన అత్తగారి పాత్ర. ఆ పాత్రకూ ఆమె కాలికీ ఏ సంబంధమూ లేదు. చూసేవాళ్లు ఆమె కాలి గురించి ఆలోచించనే లేదు. కళాకారుల వృత్తి జీవితం అంటే అదే. మొదటి వేషం వైకల్యం కారణంగా రావచ్చు. పదో వేషం పనితనం చూసి రావాలి.

వినికిడి, మాట లేని అభినయ కూడా అలాగే నిలదొక్కుకుంది. 2009లో తమిళ ‘నాడోడిగళ్’తో పేరు తెచ్చుకుని, దాని తెలుగు రూపమైన ‘శంభో శివ శంభో’లోనూ, ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లోనూ నటించింది. ఆమె వేసినవి చాలావరకు మాట్లాడే, వినే మనుషుల పాత్రలే. గొంతు మరొకరిది, నటన ఆమెది. మన సినిమాల్లో గొంతు ఉన్న కథానాయికలకే డబ్బింగ్ చెప్పించే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి అభినయ కోసం పరిశ్రమ కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా ఏమీ లేకపోయింది. ఉన్న ఏర్పాటునే ఆమెకూ వర్తింపజేశారు, అంతే.

తెర వెనుక చూడండి. పుట్టుకతోనే చూపు లేని రవీంద్ర జైన్ హిందీ చిత్రాల్లో నాలుగు దశాబ్దాల పాటు సంగీత దర్శకుడిగా పనిచేశాడు. 1987లో దూరదర్శన్‌లో మొదలై దేశాన్ని టీవీల ముందు కూర్చోబెట్టిన ‘రామాయణ్’ ధారావాహికకు సంగీతం ఆయనదే. ఆయన పాటలు పాడుకున్న కోట్లమందికి ఆయన చూపు సంగతి గుర్తుండవలసిన అవసరం రాలేదు.

అంటే అసాధ్యమేమీ కాదు. మరి ఇలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఎందుకున్నాయి? 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ప్రపంచమంతటా చూస్తే 130 కోట్ల మంది, ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందిలో ప్రతిభ కరువై ఉంటుందని ఎవరూ అనలేరు. తలుపులు ఎక్కడ మూసుకుంటున్నాయో చూడాలి.

మొదటి తలుపు శిక్షణ. పుణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ కోర్సుకు బీహార్‌కు చెందిన ఒక యువకుడు ఎంపికయ్యాడు. వైద్య పరీక్షలో అతనికి రంగులను గుర్తించడంలో లోపం ఉందని తేలింది. అప్పటి నిబంధన ప్రకారం సీటు ఇవ్వలేదు. బొంబాయి హైకోర్టులో ఓడిపోయాడు. సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కోర్టు కంటి వైద్యులను, సినిమా రంగంలో పనిచేసేవారిని కలిపి ఒక కమిటీ వేసింది. సినిమా పదిమంది కలిసి చేసే కళ, ఒకరికి లేనిది పక్కవారి సాయంతో సరిచేసుకోవచ్చు, ముందే తలుపు మూస్తే నష్టపోయేది కళే అని ఆ కమిటీ తేల్చింది. రంగుల దిద్దుబాటు పాఠాన్ని ఐచ్ఛికం చేస్తే సరిపోతుందని సూచించింది. 2022 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు అతనికి అనుకూలంగా ఆదేశాలిచ్చింది. ఒక నిబంధనను మార్చడానికి ఒక విద్యార్థి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. తిరగలేక ఇంటికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ కనబడవు.

రెండవ తలుపు పనిచేసే చోటు. మన షూటింగుల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామునే కాల్‌షీట్, ఊరికి దూరంగా లొకేషన్, నిటారుగా మెట్లున్న క్యారవాన్, నేలంతా కేబుళ్లు, పని ఎప్పుడు ముగుస్తుందో తెలియని రోజులు. క్యారవాన్ దొరికేది పెద్ద నటులకే. అసిస్టెంట్ డైరెక్టరుగానో, జూనియర్ ఆర్టిస్టుగానో చక్రాల కుర్చీలో వచ్చే మనిషి మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్లాలి? చాలాసార్లు ప్రతిభ ఆగిపోయేది ఇలాంటి చోటే. పేరు తెచ్చుకున్న తరువాత కూడా కష్టం తప్పదు. విమానాశ్రయ తనిఖీల్లో తన కృత్రిమ కాలిని ప్రతిసారీ తీయమంటున్నారని, పని మీద తిరిగే తనకు ఇది ఎంత బాధగా ఉందో అర్థం చేసుకోమని సుధా చంద్రన్ 2021 అక్టోబరులో ప్రధానికి వీడియోలో విన్నవించుకుంది. భద్రతా దళం క్షమాపణ చెప్పింది.

ఈ విషయంలో ఇతర దేశాలు నేర్చుకున్నదేమిటి? 2022లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ‘కోడా’ను తీసుకోండి. దాని మూలమైన ఫ్రెంచ్ చిత్రంలో చెవిటి తల్లిదండ్రులుగా వినికిడి ఉన్న నటులు వేశారు. అమెరికాలో తీసేటప్పుడు, చెవిటి పాత్రలకు చెవిటి నటులనే తీసుకోకపోతే తాను తప్పుకుంటానని నటి మార్లీ మాట్లిన్ పట్టుబట్టింది. దర్శకురాలు సంజ్ఞ భాష నేర్చుకుంది. సెట్లో దుబాసీలను పెట్టుకున్నారు. తండ్రి పాత్ర వేసిన ట్రాయ్ కోట్సర్, నటనకు ఆస్కార్ అందుకున్న మొదటి చెవిటి పురుషుడయ్యాడు. అంతకుముందు ఆ గౌరవం పొందిన ఒకే ఒక్క చెవిటి నటి మాట్లిన్. ఆమెకు ఆస్కార్ వచ్చింది 1987లో. రెండవ మనిషి రావడానికి 35 ఏళ్లు పట్టింది. లోపలికి వెళ్లిన మొదటి మనిషి తలుపు పట్టుకుని నిలబడింది కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది.

బ్రిటన్‌లో 2021లో రచయిత జాక్ థోర్న్ ఎడిన్‌బరో టెలివిజన్ ఉత్సవంలో చేసిన ప్రసంగంలో, వికలాంగుల విషయంలో టీవీ పరిశ్రమ విఫలమైందని సూటిగా చెప్పాడు. మరుసటి ఏడాది అక్కడి ప్రధాన ప్రసార సంస్థలు ఒక ఉమ్మడి ఒప్పందానికి వచ్చాయి. షూటింగులకు ఒక కొత్త ఉద్యోగం కూడా వచ్చింది. యూనిట్లో ఎవరికి ఏ సౌకర్యం కావాలో ముందుగానే, ఒంటరిగా, గౌరవంగా అడిగి తెలుసుకుని ఏర్పాటు చేసే మనిషి. ఫైట్లకు ఒక మాస్టర్, డాన్సుకు ఒక మాస్టర్ ఉన్నట్టే, దీనికీ ఒక బాధ్యుడు. పని కోసం వచ్చినవాడు ప్రతి ఒక్కరినీ బ్రతిమాలుకోనవసరం లేకుండా చేయడమే ఈ ఏర్పాటు ఉద్దేశం.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని 29వ సెక్షన్, వైకల్యం ఉన్న కళాకారులకు, రచయితలకు ప్రభుత్వాలు సౌకర్యాలు, ఆర్థిక ప్రోత్సాహం కల్పించాలని, కళలకు సంబంధించిన కోర్సులను వారికి అనువుగా మార్చాలని చెబుతోంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కూడా ఇదే చట్టం ఇచ్చింది. కానీ సినిమా ప్రభుత్వ ఉద్యోగం కాదు. ఒక సినిమా అయ్యాక మరో సినిమా వెతుక్కోవాలి. పరిచయాలు, యూనియన్ కార్డు, ఎవరో ఒకరి సిఫారసు, వీటి మీదే నడిచే రంగం. అందుకే ఆ 4 శాతం ఇక్కడికి చేరదు. 29వ సెక్షన్ చేరాలి, కానీ దాని గురించి అడిగేవారే తక్కువ.

2024 జులై 8న సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు కూడా మన చర్చకు సంబంధించినదే. ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ చిత్రం వికలాంగులను కించపరిచిందని ఒక వ్యక్తి వేసిన కేసు అది. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా ధర్మాసనం వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వికలాంగులను చిన్నబుచ్చే హాస్యం వేరు అని విడదీసింది. వారి జీవితాన్ని చూపించేటప్పుడు వారిని సంప్రదించాలని, నిర్ణయాలు చేసేచోట వారు ఉండాలని, రచయితలకు, దర్శకులకు, నటులకు ఈ విషయంలో శిక్షణ కావాలని సూచించింది. నత్తిని, చెవుడును, రేచీకటిని నవ్వు కోసం వాడుకోవడం మన తెలుగు సినిమాకు కొత్తేమీ కాదు. కథ రాసే గదిలో నత్తి ఉన్న రచయిత ఒకరు కూర్చుని ఉంటే ఆ సన్నివేశాల్లో సగం రాసి ఉండేవారు కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. నటన అంటేనే తాను కానిదాన్ని చూపించడం కదా, అంధుడి పాత్ర అంధుడే వేయాలంటే ఎలా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ‘సిరివెన్నెల’లో అంధుడైన వేణువు విద్వాంసుడి పాత్రను, ‘ఊపిరి’లో కదలలేని మనిషి పాత్రను వైకల్యం లేని నటులు వేసి మెప్పించారు. ఆ సినిమాలను తీసిపారేయనక్కరలేదు. కానీ ఈ దారి ఒకవైపే తెరిచి ఉంది. చూపున్నవాడు అంధుడి వేషం వేస్తే అవార్డు. చూపు లేనివాడికి ఆ వేషమూ రాదు, మరో వేషమూ రాదు. పొరుగింటి మావయ్యగా, లాయరుగా, విలన్‌గా వికలాంగులను కూడా తీసుకునే రోజు వస్తే ఈ వాదనకు అవసరమే ఉండదు.

రెండవ అభ్యంతరం ఖర్చు. చెక్కతో చేసిన ఒక ర్యాంపు, ఒక దుబాసీ, పనివేళల్లో కాస్త సర్దుబాటు. ఒక పాట చిత్రీకరణకు, ఒక ప్రచార సభకు అయ్యే ఖర్చు పక్కన పెడితే ఇదెంత? పైగా పెద్ద సినిమాలు వచ్చినప్పుడల్లా టికెట్ ధర పెంచుకోవడానికి నిర్మాతలు మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ ప్రత్యేక అనుమతి కోరుతున్నారు. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు, మీ యూనిట్లో వికలాంగులు ఎంతమంది పనిచేశారు, వారికి ఏ ఏర్పాట్లు చేశారు అని ప్రభుత్వం ఒక్క మాట అడగవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారాలు అందజేసింది. అర్హత నిబంధనల్లో ఈ సంగతి చేర్చడానికి పైసా ఖర్చు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 నుంచి 6,000 రూపాయలైంది. తెలంగాణలో 4,016 రూపాయలు ఇస్తున్నారు. అవి అవసరమే, ఎవరూ కాదనరు. సదరం సర్టిఫికెట్ పట్టుకుని వరుసలో నిలబడిన తల్లికి ఆ డబ్బు విలువ తెలుసు. అయితే పింఛను పొట్ట నింపుతుంది, పనే మనిషికి పేరు తెస్తుంది. పాట కట్టగల కుర్రాడికి, కథ రాయగల అమ్మాయికి రెండూ కావాలి.

ఇక మన మాట. సినిమా వాళ్లకు చెప్పడం సులువు. మన వేదికల సంగతేమిటి? ఈ రోజు చాలా సంఘాల్లో కెమెరాలున్నాయి, సౌండ్ మిక్సర్ ఉంది, ప్రత్యక్ష ప్రసారం ఉంది. పాటల ఆల్బమ్‌లు, లఘుచిత్రాలు, టీవీ కార్యక్రమాలు తయారవుతున్నాయి. పల్లెటూరి పిల్లవాడు మొదటిసారి మైకు పట్టుకునేది, మొదటిసారి వేషం కట్టేది చాలాసార్లు క్రిస్మస్ కార్యక్రమంలోనే. అంటే ఈ రంగానికి మొదటి మెట్టు మన చేతిలోనే ఉంది. ఆ మెట్టు ఎక్కడానికి ర్యాంపు ఉందా?

నిజాయితీగా చెప్పుకుందాం. మన నాటికల్లో కుంటి పిల్లవాడికి ఇచ్చే వేషం ఏది? చివరిలో స్వస్థత పొందే వేషం. లేకపోతే అసలు వేషమే లేదు. గొల్లవాడిగానో, జ్ఞానిగానో, గబ్రియేలుగానో చక్రాల కుర్చీలోని పిల్లను నిలబెట్టాలన్న ఆలోచన మనకు తోచదు. చూపు లేని సోదరుడు పాట పాడితే కన్నీళ్లతో వింటాం, శాలువా కప్పుతాం. అదే పాటను ఆల్బమ్‌గా రికార్డు చేసేటప్పుడు ఆయనకు పారితోషికం ఇచ్చామా, పేరు వేశామా? వైలర్ రస్సెల్‌కు చెప్పిన మాటనే మనమూ మన ప్రేమగల భాషలో చెబుతున్నామేమో చూసుకోవాలి.

మోషే సంగతి మనకు తెలుసు. తనకు మాట సరిగా రాదని, వేరొకరిని పంపమని దేవునితో చెప్పుకున్నాడు. దేవుడు ఆ పనిని మోషే దగ్గర నుంచి తీసివేయలేదు. మాట్లాడడానికి అహరోనును తోడు ఇచ్చాడు. పిలుపు మోషేదే, కర్ర మోషే చేతిలోనే ఉంది. సాయం చేయడమంటే మనిషి స్థానంలో మరొకరిని నిలబెట్టడం కాదని, అతని స్థానంలో అతడు నిలబడేలా చూడడమని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

కాబట్టి ఈ ఏడాది క్రిస్మస్ కార్యక్రమాలకు కమిటీ కూర్చున్నప్పుడు మూడు పనులు చేయవచ్చు. వేదికకు ర్యాంపు వేయించండి. మీ సంఘంలో వైకల్యం ఉన్న యువతను పిలిచి, ఏం చేయగలవు అని అడిగే ముందు ఏం చేయాలని ఉంది అని అడగండి. కెమెరా, ఎడిటింగ్, సౌండ్, రచనలో ఇష్టం ఉన్నవారికి మీ మీడియా బృందంలో చోటు ఇచ్చి, బయటి మనిషికి ఎంత ఇస్తారో వారికీ అంతే ఇవ్వండి. అక్కడ నేర్చుకున్నది చూపించి వాళ్లు రేపు ఏ స్టూడియోలోనైనా పని అడగగలగాలి.

సంఘంలో ఎవరి అమ్మాయైనా సినిమా సంస్థలో సీటు కోసం దరఖాస్తు పెట్టి వైద్య పరీక్ష దగ్గర ఆగిపోతే, ప్రార్థన చేసి పంపించేసి ఊరుకోవద్దు. 2022 నాటి సుప్రీంకోర్టు ఆదేశం గురించి ఆ కుటుంబానికి చెప్పండి. మన సంఘాల్లో న్యాయవాదులున్నారు, వారిలో ఒకరిని తోడు పంపండి.